కార్డు వెనక్కి తిప్పి చూడండి: బ్రిటన్‌లో గ్యాస్ ఇంజినీర్ని సరిచూసుకునే పద్ధతి

మన వైపు ఇంజినీర్ అంటే బీటెక్ చదివినవాడు. బ్రిటన్‌లో గ్యాస్ ఇంజినీర్ అంటే పానా పట్టుకుని, ఇంటికి వేడినీళ్ళూ వెచ్చదనమూ ఇచ్చే బాయిలర్ విప్పే పనిమంతుడు. ఆ పేరు పెట్టుకోవడానికి అక్కడ డిగ్రీ అక్కర్లేదు, ఎవరి అనుమతీ అక్కర్లేదు. ఎవరైనా వ్యాను మీద ఆ మాట రాయించుకుని తిరగొచ్చు. ప్లంబర్ అనే మాటా అంతే. చట్టం అడిగేది వేరు: గ్యాస్ పని చేసేవాళ్ళ అధికారిక జాబితా అయిన గ్యాస్ సేఫ్ రిజిస్టర్‌లో ఈ మనిషి ఉన్నాడా, ఈ రోజు చేయబోయే ఈ పనికి అతనికి అర్హత ఉందా?

జనవరి చలిలో బాయిలర్ ఆగిపోతే ముందు వాట్సాప్ గ్రూపులో అడుగుతాం. పది నంబర్లు వస్తాయి. "మా ఇంటికి వచ్చాడు, బాగా చేశాడు, తక్కువ తీసుకున్నాడు" అంటారు. బాగా చేశాడో లేదో చెప్పినవాళ్ళకు తెలిసే దారి లేదు. వేడినీళ్ళు వచ్చాయి కాబట్టి బాగా చేశాడనుకుంటారు. పొగను బయటికి పంపే గొట్టం, అంటే ఫ్లూ, దాని కీలు సరిగ్గా బిగించకపోయినా వేడినీళ్ళు వస్తాయి. ఆ పొగలో ఉండే కార్బన్ మోనాక్సైడ్ అనే విషవాయువుకు రంగు లేదు, వాసన లేదు. అందుకే పొగడ్తలను పక్కన పెట్టి మనిషిని రిజిస్టర్‌తో సరిచూసుకోవాలి. ఐదు నిమిషాల పని, ఖర్చు లేదు.

రిజిస్టర్ సంగతి

గ్యాస్ పని ఎవరు చేయాలో గ్రేట్ బ్రిటన్‌లో 1998 నాటి గ్యాస్ భద్రతా నిబంధనలు చెబుతాయి. వృత్తిగా గ్యాస్ పని చేసే ప్రతి సంస్థా, ఒంటరిగా పనిచేసుకునే ప్రతి మనిషీ హెల్త్ అండ్ సేఫ్టీ ఎగ్జిక్యూటివ్ అనే ప్రభుత్వ భద్రతా సంస్థ ఆమోదించిన రిజిస్టర్‌లో ఉండి తీరాలి. 2009 ఏప్రిల్ 1 నుంచి ఆ రిజిస్టర్ గ్యాస్ సేఫ్. ఉత్తర ఐర్లండ్‌లో అది 2010 ఏప్రిల్ 1న అమల్లోకి వచ్చింది. అంతకు ముందు కోర్గీ అనే రిజిస్టర్ ఉండేది. పాత ఇళ్ళలో బాయిలర్ మీద ఇప్పటికీ కోర్గీ స్టిక్కర్ కనిపిస్తుంది, పెద్దవాళ్ళ నోట ఆ మాట వినిపిస్తుంది. ఇవాళ ఎవరైనా "నేను కోర్గీ రిజిస్టర్డ్" అని చెప్పుకుంటే అది గ్యాస్ పనికి చెల్లదు.

చాలామంది కలిపేసే విషయాలు రెండున్నాయి. అర్హత వేరు, నమోదు వేరు. ఏసీఎస్ అని పిలిచే పరీక్షలు పాసైతే అర్హత వస్తుంది, ఐదేళ్ళకోసారి మళ్ళీ రాయాలి. ఇంటి గ్యాస్‌కు పునాది పరీక్ష సీసీఎన్1. దాని మీద ఒక్కో పరికరానికి ఒక్కోటి: బాయిలర్లకు సెన్‌వాట్, వంట పొయ్యిలకు సీకేఆర్1, గ్యాస్ ఫైర్లకు హెచ్‌టీఆర్1, మీటర్లకు మెట్1. ఇవన్నీ పాసైనా, రిజిస్టర్‌లో పేరు లేకపోతే డబ్బు తీసుకుని గ్యాస్ ముట్టుకోవడం నేరం. "నా దగ్గర ఏసీఎస్ సర్టిఫికెట్లు ఉన్నాయి చూడండి" అని ఫోల్డర్ తెరిచి చూపిస్తే సంతోషించండి, ఆ తర్వాత గ్యాస్ సేఫ్ కార్డు అడగండి. మన దగ్గర గ్యాస్ ఏజెన్సీలో పదేళ్ళు చేసిన అనుభవం కూడా అక్కడ రిజిస్టర్‌కు బదులు కాదు.

ఇక నమోదయ్యేది సంస్థ. ఆ సంస్థ కింద పనిచేసే ఇంజినీర్లకు ఒక్కొక్కరికి విడిగా లైసెన్స్ నంబరు, కార్డు ఉంటాయి. సంస్థ రిజిస్టర్‌లో ఉన్నంత మాత్రాన అది పంపిన ప్రతి కుర్రాడూ ఉన్నట్టు కాదు. కొన్ని మోసాలు ఈ సందులోంచే వస్తాయి. దాని గురించి కింద మళ్ళీ చెబుతాం.

ఫోన్లోనే మొదలుపెట్టండి

అపాయింట్‌మెంట్ ఖాయం చేసే ముందు ఫోన్లోనో మెసేజ్‌లోనో రెండు నంబర్లు అడగండి: సంస్థ గ్యాస్ సేఫ్ రిజిస్ట్రేషన్ నంబరు, రాబోయే ఇంజినీర్ లైసెన్స్ నంబరు. ఇంజినీర్ది 7 అంకెలు. సంస్థది సాధారణంగా అంతకంటే చిన్నది. అలవాటున్నవాళ్ళు వెంటనే చెప్పేస్తారు, చాలామందికి కంఠతా ఉంటుంది. "వచ్చాక చూపిస్తాను" అంటే అనుమానించాల్సిన పని లేదు గానీ నంబరు చేతికి వచ్చేదాకా అడ్వాన్సు పంపకండి.

నంబరు దొరికాక గ్యాస్ సేఫ్ రిజిస్టర్ వెబ్‌సైటులోకి వెళ్ళండి. సెర్చిలో పైన కనిపించే ప్రకటనలు నొక్కకుండా గ్యాస్‌సేఫ్‌రిజిస్టర్.కో.యూకే (gassaferegister.co.uk) అని చిరునామా మీరే టైపు చేయడం మంచిది. అక్కడ రెండు రకాల వెతుకులాట ఉంటుంది. మీ పోస్ట్‌కోడ్ ఇచ్చి దగ్గర్లో ఉన్న సంస్థను వెతకడం ఒకటి, చేతిలో ఉన్న నంబరు సరిచూడటం ఇంకొకటి. ఎవరూ తెలియకపోతే మొదటిది వాడండి, వాట్సాప్ పది నంబర్ల కంటే అది నయం. నంబరు ఉంటే రెండోది. నెట్ కుదరకపోతే 0800 408 5500కు ఫోన్ చేస్తే వాళ్ళే చూసి చెబుతారు.

ఫలితం వచ్చాక పేరు ఒక్కటి చూసి మూసేయకండి. ఇంజినీర్ పేరు, అతను ఏ సంస్థ కింద ఉన్నాడు, ఏయే పనులకు అర్హత ఉంది అనే మూడూ చదవండి. మీతో ఫోన్లో మాట్లాడిన సంస్థ పేరు, తెర మీది సంస్థ పేరు ఒకటే కావాలి. వ్యాపారం పేరు ఒకటి, రిజిస్టర్‌లో సొంత పేరు ఒకటి ఉండటం మామూలే. అప్పుడు రిజిస్ట్రేషన్ నంబరుతో సరిచూడండి. నంబరు కలిస్తే చాలు.

మన చెవికి ఒక చిక్కు ఉంది. అర్హతల జాబితాలో కుక్కర్ అని కనిపిస్తే అది ప్రెషర్ కుక్కర్ కాదు. హాబ్ (పైన ఉండే బర్నర్లు), ఒవెన్ కలిసిన వంట పొయ్యి. బాయిలర్ అంటే వేడినీళ్ళు, గదులు వెచ్చబరిచే రేడియేటర్లు నడిపేది. ఫైర్ అంటే హాల్లో గోడకుండే గ్యాస్ నెగడు.

గుమ్మం దగ్గర

మనిషి వచ్చాడు. కార్డు అడగడం మనవాళ్ళకు మొహమాటం. మంచినీళ్ళిచ్చి, కూర్చోబెట్టి, పని మొదలయ్యాక "మీ కార్డు ఏదీ" అంటే ఇద్దరికీ ఇబ్బంది. తలుపు తీయగానే నవ్వుతూ "కెన్ ఐ సీ యువర్ గ్యాస్ సేఫ్ కార్డ్, ప్లీజ్" అనేయండి. అక్కడ ఇది అవమానం కాదు. కార్డు అడిగి చూడమని జనానికి చెప్పేదే ఆ రిజిస్టర్. అసలైనవాడు జేబులోంచి తీసి ఇస్తాడు. ముఖం చిట్లించుకునేవాడితో పని ఆపేయడానికి అదొక్కటే కారణం చాలు.

కార్డును దూరం నుంచి చూడకండి, చేతిలోకి తీసుకోండి. ముందువైపు పసుపు త్రికోణం గుర్తు, ఫొటో, పేరు, 7 అంకెల లైసెన్స్ నంబరు, సంస్థ పేరు, సంస్థ నంబరు, మొదలు తేదీ, ముగింపు తేదీ ఉంటాయి. ఫొటో ఎదురుగా ఉన్న మనిషిదేనా? ముగింపు తేదీ దాటిందా? నమోదు ఏటా పునరుద్ధరించుకోవాలి కాబట్టి నిరుటి కార్డుకు విలువ లేదు. "కొత్తది పోస్టులో వస్తోంది" అంటే అబద్ధం కాకపోవచ్చు. అప్పుడు కార్డును పట్టించుకోకుండా అక్కడికక్కడే నంబరును వెబ్‌సైటులో కొట్టి చూడండి. ఫోన్లో కార్డు బొమ్మ చూపించినా అదే పద్ధతి. బొమ్మను ఎవరైనా దిద్దుకోవచ్చు, రిజిస్టర్‌ను దిద్దలేరు.

ఇప్పుడు కార్డు తిప్పండి. అసలు విషయం అక్కడే ఉంది, చాలామంది చూడనిదీ అదే. వెనకవైపు ఈ మనిషికి ఏయే పరికరాల మీద, ఏ రకం గ్యాస్ మీద, ఎలాంటి చోట పనిచేసే అర్హత ఉందో రాసి ఉంటుంది. ఇవే వివరాలు వెబ్‌సైటులోనూ వస్తాయి. మీ పనిని ఆ జాబితాలో వెతకండి.

బాయిలర్ సర్వీసుకు పిలిచారు, జాబితాలో బాయిలర్ ఉంది, సరే. అదే చేత్తో "ఆ హాబ్ కూడా కొంచెం చూసిపెట్టండి" అంటారు, జాబితాలో కుక్కర్ లేదు. అతను దాన్ని ముట్టుకోకూడదు. మంచివాడైతే తనే చెబుతాడు. సహజవాయువుకు అర్హత ఉన్నవాడికి ఎల్‌పీజీకి అర్హత ఉండకపోవచ్చు. రెండింటి పీడనం వేరు, బర్నర్ జెట్లు వేరు. ఎల్‌పీజీ గాలికంటే బరువు, నేలబారున పోగవుతుంది. గ్యాస్ లైను లేని పల్లెటూళ్ళో ఇల్లు తీసుకుని బయట ట్యాంకుతో నడిపేవాళ్ళు ఇది తప్పక చూసుకోవాలి. ఎల్‌పీజీలో కూడా మామూలు ఇల్లు వేరు, పార్క్ హోమ్స్ అనే కదిలించగల ఇళ్ళు వేరు, కారవాన్ వేరు, పడవ వేరు. ఒక్కోదానికి విడి అర్హత.

రెస్టారెంట్లు, టేక్‌అవేలు నడిపేవాళ్ళు మరీ జాగ్రత్తగా ఉండాలి. ఇంటి పనికి మాత్రమే అర్హత ఉన్న ఇంజినీర్ వాణిజ్య వంటగదిలో దోశ పెనం బర్నర్ సవరించినా చట్టవిరుద్ధమే. అక్కడ కావాల్సింది కమర్షియల్ కేటరింగ్ అర్హత. హుడ్ ఫ్యాన్ ఆగితే గ్యాస్ దానంతటదే ఆగే ఇంటర్‌లాక్ లాంటివి అతనికే తెలుస్తాయి. ఇంటికి వచ్చే మంచి ఇంజినీర్ని అలవాటు కొద్దీ హోటల్‌కు కూడా పిలుచుకోవడం మనవాళ్ళలో మామూలుగా జరిగే తప్పు. బొగ్గుల తండూరు గ్యాస్ సేఫ్ పరిధిలోకి రాదు. అయినా అది కూడా మోనాక్సైడ్ వదులుతుంది, పై అంతస్తులో కాపురాలుంటే ఆ సంగతి విడిగా చూడాలి.

ఎక్కడ మోసపోతారు

పూర్తిగా దొంగ కార్డు తయారు చేసుకునేవాళ్ళు తక్కువ. ఎక్కువగా జరిగేవి సగం నిజాలు.

వేరేవాళ్ళ నంబరు వాడుకోవడం అందులో మొదటిది. వెబ్‌సైటులోనో వ్యాను మీదో ఉన్న నంబరు అసలైనదే, కానీ అది మరో ఊళ్ళో మరో మనిషిది. నంబరు చెల్లుతుందని వచ్చింది కదా అని ఆగిపోతే మీరు మోసపోతారు. నంబరుతో పాటు పేరు, సంస్థ, ముఖం కలవాలి.

రెండోది వారాంతపు పని. పెద్ద కంపెనీలో చేసే ఇంజినీర్ శని ఆదివారాల్లో "ప్రైవేటుగా" తక్కువకు చేసిపెడతానంటాడు. కార్డు అసలైనదే, ముఖం అతనిదే, అర్హతలున్నాయి. కానీ కార్డు మీద ఉన్నది కంపెనీ పేరు. ఆ కంపెనీ తరఫున చేసే పనికే ఆ నమోదు వర్తిస్తుంది. సొంతంగా డబ్బు తీసుకుని చేయాలంటే తన పేరు మీద విడిగా నమోదు చేసుకోవాలి. ఇది చాలామందికి పట్టింపులా అనిపిస్తుంది, చేసేది అదే చేతులు కదా అని. రేపు ఏదైనా జరిగితే కంపెనీ ఇన్సూరెన్సు ఆ పనికి వర్తించదు, పని నమోదై ఉండదు, అతను ఫోన్ ఎత్తకపోతే పట్టుకునే చోటు ఉండదు. బిల్లు ఎవరి పేరు మీద ఇస్తారని ముందే అడిగితే ఈ సంగతి బయటపడుతుంది. బిల్లు మీద పేరు, కార్డు మీద పేరు ఒకటే కావాలి.

మూడోది పైన చెప్పిన సందు. ఫోన్లో మాట్లాడింది యజమాని, రిజిస్టర్‌లో ఉన్నదీ యజమాని, ఇంటికొచ్చింది తమ్ముడి కొడుకు. నేర్చుకునే కుర్రాళ్ళు రావడం తప్పు కాదు, పక్కన నమోదైన ఇంజినీర్ ఉండి చూసుకోవాలి. ఒంటరిగా వస్తే వెనక్కి పంపండి. "సార్ సాయంత్రం వచ్చి సంతకం పెడతారు" అనే మాట అసలు ఒప్పుకోవద్దు. చూడని పనికి సంతకం పెట్టడం అంటే అదే.

నాలుగోది పొయ్యి డెలివరీ. కొత్త గ్యాస్ కుక్కర్ కొంటే మోసుకొచ్చిన కుర్రాళ్ళు "కనెక్ట్ చేసేస్తాం, ఇరవై పౌండ్లు" అంటారు. కొత్త కుక్కర్ బిగించడం, లీకు చూడటం, మంట సరిచూడటం నమోదైన ఇంజినీర్ పని. గోడకున్న బేయొనెట్ సాకెట్‌లోంచి (గొట్టం తీస్తే గ్యాస్ దానంతటదే మూసుకునే అమరిక) గొట్టం తీసి మళ్ళీ పెట్టడం మాత్రం చట్టం లెక్కలో గ్యాస్ పని కాదు. వెనక పడ్డ పోపుగింజలు ఊడ్చుకోవడానికి ఇంజినీర్ని పిలవక్కర్లేదు.

రివ్యూ సైట్లలో నక్షత్రాలు, ధ్రువీకరించిన పనివాడు అనే ముద్రలు రిజిస్టర్ పని చేయవు. అవి టైముకు వస్తాడా, ఇల్లు శుభ్రంగా వదిలి వెళ్తాడా అని తెలుసుకోవడానికి. వాటి విలువ వాటిది. రిజిస్టర్ కూడా అతని ధర సమంజసమో కాదో చెప్పదు. కొత్త బాయిలర్‌కైతే నమోదైన మూడు సంస్థల దగ్గర రాతపూర్వకంగా ధరలు తీసుకోండి.

ఎవరికి కార్డు అక్కర్లేదు

ప్రతి పనికీ గ్యాస్ కార్డు అడిగితే నవ్వుతారు. రేడియేటర్‌లో గాలి తీయడం, బాయిలర్ పీడనం గేజ్‌లో తగ్గితే ఫిల్లింగ్ లూప్‌తో నీళ్ళు నింపడం, థర్మోస్టాట్ బ్యాటరీ మార్చడం మీరే చేసుకోవచ్చు. చల్లగా ఉన్నప్పుడు ఆ గేజ్ 1 నుంచి 1.5 బార్ మధ్య ఉంటే చాలు. రేడియేటర్ మార్చడం నీళ్ళ పని, ప్లంబర్ చేయొచ్చు. బాయిలర్ లోపలి కవరు విప్పడం మాత్రం వేరే సంగతి. చాలా మోడళ్ళలో ఆ కవరే పొగను గదిలోకి రాకుండా ఆపే మూత. దాన్ని ఎవరు తీసినా అది గ్యాస్ పనే.

ఆయిల్ బాయిలర్‌కు గ్యాస్ సేఫ్ కాదు, ఆఫ్‌టెక్ నమోదు చూడాలి. కట్టెల పొయ్యికి హెటాస్. పెద్ద వేడినీళ్ళ సిలిండర్ పీడనంతో నడిచే రకమైతే జీ3 అర్హత అడగండి. గ్యాస్ కార్డు ఉన్నంత మాత్రాన అది ఉన్నట్టు కాదు.

స్నేహితుడు ఊరికే చేసిపెడతానన్నా సరే, డబ్బు మారకపోయినా, నైపుణ్యం లేనివాళ్ళు గ్యాస్ అమరికల మీద పనిచేయకూడదని నిబంధనల మొదటి మాట.

పని జరుగుతుండగా

మీకు గ్యాస్ తెలియకపోయినా కొన్ని కంటికి కనిపిస్తాయి. ఇంటి గ్యాస్ లైను పరీక్షిస్తే మీటరు దగ్గర టెస్ట్ పాయింటుకు గొట్టం తగిలించి గేజ్ పెడతారు. ముందు మీటరు వాల్వు గ్యాస్‌ను పూర్తిగా ఆపుతోందా అని 1 నిమిషం, పీడనం స్థిరపడటానికి 1 నిమిషం, ఆ తర్వాత పడిపోతోందా అని 2 నిమిషాలు చూస్తారు. మీటరు పెట్టె తెరవకుండానే "లీకు లేదు" అంటే ఏం చూసి అన్నాడో అడగండి.

బాయిలర్ సర్వీసుకు ఫ్లూ గ్యాస్ అనలైజర్ కావాలి. చేతిలో పట్టే పరికరం, దాని గొట్టం కొసను ఫ్లూ దగ్గరి చిన్న రంధ్రంలో పెడతారు. కార్బన్ మోనాక్సైడ్‌కూ కార్బన్ డయాక్సైడ్‌కూ ఉన్న నిష్పత్తి అందులో వస్తుంది. దానికి పరిమితి తయారీదారు మాన్యువల్‌లో ఉంటుంది, కండెన్సింగ్ అనే ఇప్పటి రకం బాయిలర్లలో చాలావాటికి అది 0.004. ఆ చీటీ ముద్రించి ఇవ్వమనండి, లేదా ఫొటో తీసుకోండి. గ్యాస్ వాడకం కొలవడానికి బాయిలర్ పూర్తి మంటలో నడిపి మీటరు అంకెలు టైము పెట్టి చూస్తారు. గదిలో గాలి తీసుకునే పాత రకం గ్యాస్ ఫైర్ అయితే కిటికీలు తలుపులు మూసి, పొగ పుల్లతో పొగ చిమ్నీలోకి పోతోందా గదిలోకి వస్తోందా అని పరీక్షిస్తారు.

ఒక బాయిలర్, ఒక హాబ్ ఉన్న ఇంటికి ఇదంతా చేయడానికి అరగంట పైనే పడుతుంది. పది నిమిషాల్లో కాగితం చేతిలో పెట్టి వెళ్ళేవాడు కార్డు అసలైనదైనా పని చేయలేదు.

ఏదైనా ప్రమాదకరంగా కనిపిస్తే ఇంజినీర్ దాన్ని రెండు రకాలుగా రాస్తాడు. ఇమ్మీడియట్లీ డేంజరస్ అంటే వాడితే ప్రాణాపాయం, మీ అనుమతితో లైను విడదీస్తాడు. ఎట్ రిస్క్ అంటే ఒకటో రెండో లోపాలు కలిస్తే ప్రమాదం కావచ్చు, ఆపేసి లేబుల్ పెడతాడు. మీకు హెచ్చరిక పత్రం ఇస్తాడు. బాయిలర్ అమ్ముకోవడానికి భయపెడుతున్నాడని అనుమానం వస్తే గొడవపడకండి, లేబుల్ తీసి వాడనూ వద్దు. ఏ లోపం, ఎక్కడ అని ఆ పత్రంలో రాయించుకుని నమోదైన మరో ఇంజినీర్ చేత చూపించండి.

కాగితాలు

కొత్త బాయిలర్ పెట్టించుకుంటే ఇంగ్లండ్, వేల్స్‌లో ఆ సంగతిని 30 రోజుల్లోగా గ్యాస్ సేఫ్‌కు తెలియజేయాలి. తెలిపాక బిల్డింగ్ రెగ్యులేషన్స్ కంప్లయన్స్ సర్టిఫికెట్ ఇంటి యజమానికి వస్తుంది. ఇల్లు అమ్మేటప్పుడు కొనేవాళ్ళ లాయరు ముందు అడిగే కాగితాల్లో ఇదొకటి. రెండు నెలలు దాటినా రాకపోతే గ్యాస్ సేఫ్‌కు ఫోన్ చేయండి. పని నమోదు కాలేదంటే, చేసినవాడు నమోదైనవాడో కాదో మళ్ళీ చూసుకోవాల్సిన సమయం అది. బాయిలర్ మాన్యువల్ చివర ఉండే బెంచ్‌మార్క్ అనే రికార్డు పేజీలను ఇంజినీర్ పేరు, నంబరు, కొలతలతో నింపించుకోండి. ఖాళీగా ఉంటే వారంటీ దగ్గర తయారీదారుతో పేచీ వస్తుంది.

అద్దెకున్నవాళ్ళకు ముఖ్యమైన కాగితం ల్యాండ్‌లార్డ్ గ్యాస్ సేఫ్టీ రికార్డు. పాత కోర్గీ ఫారం పేరుతో సీపీ12 అనే ఎక్కువమంది అంటారు. ఇంటి యజమాని తను సమకూర్చిన ప్రతి గ్యాస్ పరికరాన్నీ, ఫ్లూనూ 12 నెలలకోసారి నమోదైన ఇంజినీర్ చేత తనిఖీ చేయించాలి. కొత్తగా చేరేవాళ్ళకు ఇల్లు అప్పగించేలోపు, ఉన్నవాళ్ళకు తనిఖీ జరిగిన 28 రోజుల్లోపు కాపీ ఇవ్వాలి. కనీసం రెండేళ్ళు దాచాలి. మాస్టర్స్‌కు వెళ్ళి ఐదారుగురు కలిసి ఇల్లు పంచుకునే పిల్లలకూ, ఎవరింట్లోనో ఒక గది తీసుకున్నవాళ్ళకూ ఇది వర్తిస్తుంది. గది అద్దెకిచ్చిన అన్నయ్య మనవాడే కదా అని కాగితం అడగకుండా ఊరుకోవద్దు. మీరు సొంతంగా కొన్న పొయ్యి మాత్రం యజమాని బాధ్యత కాదు.

చేతికొచ్చిన రికార్డును ఇలా చదవండి. ఇంటి చిరునామాలో ఫ్లాట్ నంబరు సహా సరిగ్గా ఉందా? యజమాని లేదా ఏజెంటు పేరు, చిరునామా ఉన్నాయా? ఇంట్లో ఎన్ని గ్యాస్ పరికరాలున్నాయో లెక్కపెట్టి, కాగితంలో అన్నీ, ఏ గదిలో ఉన్నాయో సహా వచ్చాయా చూడండి. హాబ్‌ను వదిలేసి బాయిలర్ ఒక్కటే రాయడం తరచూ కనిపిస్తుంది. తనిఖీ తేదీ, దొరికిన లోపాలు, వాటికి చేసిన మరమ్మతు, ఇంజినీర్ పేరు, సంతకం, నంబరు ఉండాలి. ఆ నంబరును రిజిస్టర్‌లో కొట్టి, కాగితంలో ఉన్న పరికరాలన్నింటికీ అతనికి అర్హత ఉందా చూడండి. ఇంకా అనుమానముంటే సంస్థ ఫోన్ నంబరును కాగితం మీద కాకుండా రిజిస్టర్‌లోంచి తీసుకుని, ఫలానా తేదీన ఫలానా ఇంటికి మీ మనిషి వచ్చాడా అని అడగండి. ఆ తేదీన మీరు ఇంట్లోనే ఉండి ఎవరూ రాలేదంటే ఆ కాగితం సంగతి తేలిపోయినట్టే. నిరుటికీ ఈ ఏటికీ కొలతల అంకెలు అచ్చంగా ఒకటే ఉంటే కూడా అడగాల్సిందే.

తేదీ విషయంలో తొందరపడి గొడవకు దిగకండి. 2018 నుంచి గడువుకు ముందు రెండు నెలల్లో ఎప్పుడు తనిఖీ చేయించినా పాత గడువు తేదీనే కొనసాగించుకునే వీలు గ్రేట్ బ్రిటన్‌లో ఉంది. అందువల్ల కాగితం మీద తేదీ 13 నెలల కిందటిదైనా అది చెల్లే అవకాశముంది. అంతకు ముందు ఏడాది రికార్డుతో పోల్చి చూస్తే తెలుస్తుంది. ఇంకొకటి, ఈ రికార్డు ఉందంటే బాయిలర్‌కు సర్వీసు జరిగిందని కాదు. రెండూ ఒకే రోజు చేయించొచ్చు, కానీ పనులు వేరు.

కార్డు కలవకపోతే

పని మొదలుకాకముందే తేలితే "సారీ, ఈ రోజు వద్దు" అని పంపేయండి. కారణాలు వివరించాల్సిన పని లేదు. పని అయిపోయాక తేలితే ఆ పరికరం వాడకుండా ఆపేసి, నమోదైన ఇంజినీర్ని పిలిపించి చూపించండి. చేసినవాడినే మళ్ళీ రప్పించి సరిచేయించుకోవాలన్న ఆలోచన వద్దు.

మంట నీలంగా కాకుండా పసుపుగా, బద్ధకంగా ఊగుతుంటే, పరికరం చుట్టూ మసి పడితే, ఇంట్లో ఉన్నప్పుడు తలనొప్పి, కళ్ళు తిరగడం, వికారం వచ్చి బయటికి వెళ్ళగానే తగ్గితే ఇంజినీర్ని వెతుక్కుంటూ కూర్చోకండి. పరికరాలు ఆపి, కిటికీలు తెరిచి బయటికి వెళ్ళి 0800 111 999కు ఫోన్ చేయండి, వైద్యుడికి చూపించుకోండి. గ్యాస్ లైను ఉన్న ఇంట్లో గ్యాస్ వాసన వచ్చినా ఇదే నంబరు, ఎల్‌పీజీ అయితే సరఫరాదారు అత్యవసర నంబరు. స్విచ్చులు వేయొద్దు, తీయొద్దు. మీటరు దగ్గరి వాల్వు పిడిని గొట్టానికి అడ్డంగా తిప్పితే గ్యాస్ ఆగుతుంది. మీటరు నేలమాళిగలో ఉండి అక్కడే వాసన వస్తుంటే మాత్రం కిందికి దిగకండి. ఉత్తర ఐర్లండ్‌లో అత్యవసర నంబరు 0800 002 001. మన దగ్గరి ఎల్‌పీజీ హెల్ప్‌లైన్ 1906 అక్కడ పనికిరాదు, ఇంటికొచ్చిన అమ్మానాన్నలకు మీకు వర్తించే అత్యవసర నంబరు ఫ్రిజ్ మీద రాసి పెట్టండి. అత్యవసరంగా వచ్చే మనిషి గ్యాస్ ఆపి ప్రమాదం లేకుండా చేసి వెళ్తాడు. మీ బాయిలర్ బాగుచేయడు. అందుకు మళ్ళీ నమోదైన ఇంజినీరే రావాలి.

నమోదు లేకుండా పనిచేసినవాడి మీద గ్యాస్ సేఫ్ రిజిస్టర్‌కు ఫిర్యాదు చేయొచ్చు. నమోదైనవాడే ప్రమాదకరంగా చేసి వెళ్ళినా అక్కడే చేయొచ్చు. అవసరమైతే కేసు హెల్త్ అండ్ సేఫ్టీ ఎగ్జిక్యూటివ్ దాకా వెళ్తుంది, పెద్ద కోర్టులో రుజువైతే పరిమితి లేని జరిమానా, రెండేళ్ళ దాకా జైలు పడొచ్చు. యజమాని రికార్డు ఇవ్వకపోతే ముందు మెయిల్లో అడగండి, ఆ తర్వాత ఫిర్యాదు హెల్త్ అండ్ సేఫ్టీ ఎగ్జిక్యూటివ్‌కు. ఫోన్ చేసే ముందు ఇవి దగ్గర పెట్టుకోండి: మనిషి పేరు, అతను చెప్పిన నంబరు, ఫోన్ నంబరు, వ్యాను నంబరు ప్లేటు, డబ్బు పంపిన బ్యాంకు వివరం, మెసేజ్‌లు, పని జరిగిన తేదీ, పరికరం ఫొటోలు. ఫొటోలు బాయిలర్ కవరు విప్పకుండా తీసినవే చాలు.